పైపులో మంచు బిరడా: నల్లగొండ ఎండలో ఆ కిట్టు పనికొస్తుందా?

ఇంటి రిపేర్ల వీడియోలు చూసేవాళ్లకు ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. ఇంగ్లండులో ఒక ప్లంబర్ రాగి పైపుకు చిన్న జాకెట్ చుడతాడు. దాని సందులోకి డబ్బాతో గ్యాస్ కొడతాడు. జాకెట్ మీద తెల్లగా నూగు పేరుకుంటుంది. పది నిమిషాలు ఆగి, మెయిన్ వాల్వు జోలికి పోకుండానే పైపు కోసేస్తాడు. చుక్క నీరు కారదు. నిదానంగా కొత్త వాల్వు బిగించుకుని, జాకెట్ విప్పి, సామాను సర్దుకుని వెళ్లిపోతాడు.

అది చూడగానే మనకు డాబా మీద ట్యాంకు కింద పట్టేసుకున్న వాల్వు గుర్తొస్తుంది. అది తిరగదు. గట్టిగా తిప్పితే విరుగుతుందని భయం. బాత్‌రూమ్‌లో నల్లా మార్చాలంటే వెయ్యి లీటర్ల ట్యాంకు ఖాళీ చేయాలి. పైపులో నీళ్లను గడ్డకట్టించి ఆపే ఇంత చిన్న కిట్టుతో ఆ బాధ తీరిపోతే అంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేందుకు వేలు బటన్ మీదికి వెళ్తుంది కూడా.

ముందే చెబుతాను: నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు మామూలు ఇంటికి ఇది కొనాల్సిన వస్తువు కాదు. కిట్టు మోసమేమీ కాదు, చెప్పిన పని చేస్తుంది. కానీ అది ఏ పైపు కోసం, ఏ నీటి కోసం, ఏ ఊరి వాతావరణం కోసం తయారైందో అవేవీ మన దగ్గర లేవు. ఈ లెక్క అర్థం కావాలంటే పైపు లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

అక్కడి ఇల్లు, మన ఇల్లు

బ్రిటన్‌లో చాలా ఇళ్లకు చలికాలంలో వెచ్చదనం వేడి నీళ్ల పైపుల ద్వారానే అందుతుంది. ఒక బాయిలర్ ఉంటుంది, గదికో రేడియేటర్ ఉంటుంది, వాటన్నిటినీ కలుపుతూ 15, 22 మిల్లీమీటర్ల రాగి పైపులు ఇల్లంతా తిరుగుతాయి. అందులో పోసిన నీళ్లే ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటాయి. తుప్పు పట్టకుండా వాటిలో మందు కలుపుతారు. ఒక్క రేడియేటర్ వాల్వు మార్చాలన్నా ఆ నీళ్లన్నీ వదిలేయాలి, మళ్లీ నింపాలి, మళ్లీ మందు కలపాలి, ప్రతి రేడియేటర్ దగ్గరా చేరిన గాలి తీయాలి. పావుగంట పనికి పూట పోతుంది. అందుకే ఆ వాల్వుకు రెండు పక్కలా పైపును గడ్డకట్టించి పని కానిచ్చుకుంటారు. వీధిలోంచి వచ్చే నీళ్ల లైను కూడా అక్కడ రోజంతా ప్రెషర్‌తోనే ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు నీళ్లు ఆగుతాయని ఎదురుచూసే అవకాశం ఉండదు.

మన దారి వేరు. బోరు నీళ్లో, మిషన్ భగీరథ నీళ్లో సంపులోకి వస్తాయి. మోటారు వేస్తే ట్యాంకులోకి ఎక్కుతాయి. అక్కడినుంచి వాటంతట అవే కిందికి దిగుతాయి. భగీరథ నల్లా చాలా కాలనీల్లో రోజుకు గంటో రెండు గంటలో వస్తుంది. మిగతా సమయమంతా ఆ లైను ఖాళీగానే ఉంటుంది కాబట్టి రిపేరుకు వేరే ఏర్పాటే అక్కర్లేదు. నీళ్లు తక్కువ వస్తాయని మనం గొణుక్కుంటాం గానీ, ప్లంబర్‌కు మాత్రం అంతకన్నా మంచి వాల్వు లేదు.

ఇక ట్యాంకు లైను. పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ ప్రెషర్ వస్తుంది. రెండంతస్తుల ఇంట్లో కింది బాత్‌రూమ్‌కు ట్యాంకు నుంచి ఎనిమిది తొమ్మిది మీటర్లే ఉంటుంది, అంటే ఒక బార్ కూడా నిండదు. సరిగ్గా కట్టిన మంచు బిరడా ఇంతకు చాలా రెట్ల ప్రెషర్‌ను ఆపగలదు. కాబట్టి బిరడా ఊడి వస్తుందేమోనన్న భయం అనవసరం. అసలు ఇబ్బంది బిరడా కట్టడంలోనే ఉంది.

బిరడా ఎలా కడుతుంది

పైపు బయటి గోడను సున్నాకు బాగా కింద ఉండే చలిలో ఉంచితే, లోపలి నీళ్లు గోడ పక్కనుంచి మొదలై మధ్యకు గడ్డకడుతూ వస్తాయి. మొదట ఒక మంచు గొట్టం ఏర్పడుతుంది. దాని మధ్యలో సన్నటి రంధ్రం మిగులుతుంది. ఆ రంధ్రం పూడుకుంటే బిరడా పూర్తయినట్టు. మధ్యలో కొన్ని మిల్లీమీటర్లు పూడకుండా మిగిలిందా, బయట ఎంత మంచు పేరుకున్నా లాభం లేదు, కోయగానే నీళ్లు జిమ్ముతాయి. జాకెట్ మీద తెల్లదనం చూసి పైపు కోసేవాళ్లు ఇక్కడే తడుస్తారు.

దీనికి ఎంత వేడి తీయాలో లెక్కేసి చూద్దాం. లోపల 15 మిల్లీమీటర్ల వెడల్పున్న పైపులో పది సెంటీమీటర్ల పొడవుకు పట్టే నీళ్లు సుమారు 18 గ్రాములు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి 4.18 కిలోజౌళ్లు తీయాలి. సున్నా డిగ్రీలకు వచ్చాక, గడ్డకట్టించడానికి ఇంకో 334 కిలోజౌళ్లు తీయాలి. 18 గ్రాములకు అన్నీ కలిపినా పది కిలోజౌళ్లు దాటదు. చిన్న డబ్బాతో సాధ్యమయ్యేది అందుకే.

ఇదంతా నీళ్లు కదలకుండా ఉంటేనే. ఎక్కడో ఒక నల్లా సరిగ్గా కట్టక నిమిషానికి లీటరు నీళ్లు పోతున్నాయనుకుందాం. 35 డిగ్రీల నీళ్లు లీటరు వచ్చాయంటే, దాన్ని సున్నాకు తేవడానికే 146 కిలోజౌళ్లు తీయాలి, అదీ ప్రతి నిమిషం. ఇది దాదాపు 2.4 కిలోవాట్లు. బెడ్‌రూమ్‌లో ఉండే టన్ను ఏసీ పూర్తిగా పనిచేస్తే తీసే వేడిలో మూడింట రెండు వంతులు. చేతిలో పట్టే డబ్బా దీనికి ఏ మూలకూ చాలదు. ఫ్లష్ ట్యాంకులోకి సన్నగా కారే నీళ్లు, లీకవుతున్న జాయింటు, చివరికి మనం రిపేరు చేయబోతున్న ఆ పగులే నీళ్లు పారిస్తుంటే బిరడా కట్టదు. చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది: పైపు పగిలి నీళ్లు చిమ్ముతున్నప్పుడే కదా ఈ కిట్టు అవసరం! కానీ సరిగ్గా అప్పుడే అది పనిచేయదు. ముందు ఆ పగులుకు రబ్బరు ముక్క పెట్టి క్లాంపు బిగించి నీళ్లు ఆపాలి, ఆ తర్వాతే జాకెట్.

నల్లాలన్నీ కట్టేసినా పైపులో నీళ్లు పూర్తిగా నిలబడవు. చల్లబడిన నీళ్లు బరువెక్కి కిందికి జారతాయి, వెచ్చటివి పైకి వస్తాయి. నిలువు పైపుకు జాకెట్ చుడితే కింది భాగంలో ఈ తిరుగుడు సాగుతూనే ఉంటుంది. నీళ్లు నాలుగు డిగ్రీల దగ్గరికి చల్లబడ్డాక గానీ అది తగ్గదు. సన్నటి పైపులో ఇది పెద్ద లెక్క కాదు, లావు పైపులో మాత్రం బాగా సమయం తింటుంది. పైపు వెడల్పు రెండింతలైతే నీళ్లు నాలుగింతలు అవుతాయి. పైగా లోపలి వేడి మందపాటి మంచు దాటుకుని బయటికి రావాలి. చిన్న డబ్బా కిట్లు సన్న పైపులకే పరిమితం కావడానికి కారణం ఇదే. సోలార్ హీటర్ ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కుంది. ప్యానెల్‌కూ ట్యాంకుకూ మధ్య ఉండే పైపుల్లో, ఏ నల్లా తిప్పకపోయినా, ఎండకు నీళ్లు వాటంతట అవే తిరుగుతుంటాయి. పగటిపూట ఆ పైపుకు జాకెట్ చుట్టడం గ్యాస్ దండగ.

ఎండ లెక్క

పై అంకెల్లో ఒక తేడా ఉంది, కిట్టు డబ్బా మీద రాసిన నిమిషాలు మన దగ్గర ఎందుకు సరిపోవో అదే చెబుతుంది. చలి దేశంలో పైపు నీళ్లు పది డిగ్రీలున్నాయనుకుంటే, కిలోకు 42, ప్లస్ 334, మొత్తం 376 కిలోజౌళ్లు తీస్తే చాలు. మే నెలలో నల్లగొండలో ఉష్ణోగ్రత 44 డిగ్రీలు తాకే రోజులుంటాయి. మధ్యాహ్నం నల్ల ట్యాంకులోంచి వచ్చే నీళ్లతో చేతులు కడుక్కోలేని సంగతి ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 40 డిగ్రీలే అనుకున్నా కిలోకు 167, ప్లస్ 334, కలిపి 501. అంటే మూడో వంతు ఎక్కువ. దీనికి తోడు డాబా మీద ఎండకు కాలిన పైపు రెండు వైపులనుంచీ జాకెట్ దగ్గరికి వేడి మోస్తుంటుంది. అక్కడ గంటసేపు నిలిచే బిరడా ఇక్కడ ఎంతసేపు నిలుస్తుందో గ్యాస్ మళ్లీ మళ్లీ కొడుతూ చూసుకోవాల్సిందే.

డబ్బా గ్యాస్ కాకుండా కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌తో నడిచే పెద్ద కిట్లు కూడా ఉన్నాయి. సిలిండర్‌లోని ద్రవాన్ని సన్న గొట్టం ద్వారా జాకెట్‌లోకి వదిలితే అది సున్నాకు 78 డిగ్రీల కిందుండే పొడి మంచుగా మారి పైపు చుట్టూ పేరుకుంటుంది. బలమైన పద్ధతి. కానీ ఇందులో ఒక సంగతి మన వాతావరణంలో గట్టిగా దెబ్బతీస్తుంది. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు దాటితే ఎంత ఒత్తిడిలో ఉంచినా ద్రవంగా ఉండదు. అంటే ఏప్రిల్, మే నెలల్లో నీడలో పెట్టిన సిలిండర్‌లో కూడా పగటిపూట ద్రవం ఉండదు. వదిలితే గ్యాస్ వస్తుంది, చల్లగానే ఉంటుంది, కానీ పొడి మంచు తక్కువ పడుతుంది. సిలిండర్ త్వరగా అయిపోతుంది, పైపు మాత్రం అనుకున్నంత చల్లబడదు. పని తెలిసినవాళ్లు ఎండాకాలంలో ఇది తెల్లవారుజామున పెట్టుకుంటారు, లేదా సిలిండర్‌ను ఏసీ గదిలో ఉంచి బయటికి తెస్తారు.

సున్నాకు 196 డిగ్రీల కిందుండే ద్రవ నత్రజనికి ఈ బాధ లేదు. రిఫైనరీలు, విద్యుత్ కేంద్రాల్లో లావు పైపులకు దాన్నే వాడతారు. దాన్ని ఇంటికి తేవడం ఎవరూ చేసే పని కాదు. మిగిలింది కరెంటుతో నడిచే యంత్రం: ఫ్రిజ్‌లో లాగే కంప్రెసర్, దానికి రెండు గొట్టాలు, చివర పైపును పట్టుకునే క్లాంపులు. రోథెన్‌బర్గర్, రిడ్జిడ్ లాంటి కంపెనీలు వీటిని చేస్తాయి. గ్యాస్ అయిపోతుందన్న టెన్షన్ లేకుండా ఎంతసేపైనా బిరడాను నిలబెడుతుంది. ఖరీదు చూస్తే మాత్రం ఇంటికి కొనే వస్తువు కాదని తేలిపోతుంది.

సైజులో తిరకాసు

కిట్టు మీద 15 మిల్లీమీటర్లు అని ఉంటే అది రాగి పైపు బయటి వెడల్పు. మనం హాఫ్ ఇంచి జీఐ పైపును (జింకు పూత ఇనుప పైపు) కూడా 15 మిల్లీమీటర్ల పైపు అనే అంటాం, కానీ అది పేరుకే. దాని బయటి వెడల్పు 21 మిల్లీమీటర్లు దాటుతుంది. 15 అని రాసిన జాకెట్ దాని చుట్టూ సరిగా మూసుకోదు. మూసుకోని జాకెట్‌లోంచి గ్యాస్ గాలిలో కలిసిపోతుంది. పైగా జీఐ గోడ మందం, ఆ ఇనుమును కూడా చల్లబరచాలి.

మన కొత్త ఇళ్లలో వాడే లేత పసుపు సీపీవీసీ ప్లాస్టిక్ పైపు సంగతి దీనికి తలకిందులు. అది రాగి పైపుల కొలతల్లోనే తయారవుతుంది. హాఫ్ ఇంచిది బయట 15.9, ముప్పావు ఇంచిది 22.2, ఇంచిది 28.6 మిల్లీమీటర్లు. జాకెట్ చక్కగా సరిపోతుంది. గడ్డకట్టించడానికి అన్నిటికన్నా పనికిరాని పైపుకే జాకెట్ కుదరడం ఒక విచిత్రం.

సీపీవీసీ ఎందుకు మొండికేస్తుంది

రాగి వేడిని ఎంత బాగా మోస్తుందో చూడండి: దాని అంకె 400 ఉంటే ఉక్కుది సుమారు 50, సీపీవీసీది 0.14. అందుకే వేడి నీళ్ల లైనుకు సీపీవీసీ మంచిది, వేడి బయటికి పోదు. ఇక్కడ అదే గుణం ఎదురు తిరుగుతుంది. హాఫ్ ఇంచి పైపు గోడ ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకే. కానీ వేడిని ఆపడంలో ఆ పలుచటి గోడ సుమారు 25 మిల్లీమీటర్ల మందం ఐసు గడ్డతో సమానం. పైపు లోపల గడ్డకట్టాల్సిన నీళ్లకు గోడనుంచి మధ్యదాకా ఉన్నది ఆరు మిల్లీమీటర్లు. కష్టమంతా గోడ దాటడంలోనే పోతుంది. రాగి మీద పది నిమిషాల్లో అయ్యే పని దీని మీద రెట్టింపు, అంతకన్నా ఎక్కువే తీసుకుంటుంది. దానికి తగ్గట్టు గ్యాస్ కూడా.

అంత చలికి ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. ఎండకు ఏళ్ల తరబడి డాబా మీద పడి ఉన్న పైపైతే ముందే సగం పెళుసుగా ఉంటుంది. గడ్డకట్టిన చోట హాక్సా బ్లేడుతో ఊపినా, రెంచి తగిలినా, కొంచెం వంచినా పగులు పారే ప్రమాదం ఉంది. ఒక జాయింటు బాగు చేద్దామని పోయి రెండో జాయింటు తెచ్చుకోవడమే.

ఇంకోటి, సొల్యూషన్ సంగతి. సీపీవీసీ జాయింట్లు అతికేది దానితోనే. పైపు పొడిగా ఉండాలి, అతికాక కాసేపు కదిలించకూడదు, ప్రెషర్ వదలడానికి ముందు డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వాలి. అవతల బిరడా కరిగిపోతోందన్న కంగారులో ఈ ఆరే సమయాన్నే అందరూ కోస్తారు. మంచు దగ్గరగా ఉంటే పైపు మీద చెమ్మ పడుతుంది, సొల్యూషన్ ఆరడమూ ఆలస్యమవుతుంది. రాగి పైపుకు వాడే బిగింపు ఫిట్టింగులకు ఆరే సమయం అక్కర్లేదు, అక్కడ ఈ పద్ధతి నడవడానికి అదొక పెద్ద కారణం.

వీటన్నిటికన్నా ముందు అడ్డొచ్చేది మన గోడలు. జాకెట్ పైపు చుట్టూ పూర్తిగా తిరగాలి, దాని పొడవుకు సరిపడా జాగా ఉండాలి. మన బాత్‌రూమ్‌లలో పైపులన్నీ గోడ కోసి లోపల పెట్టి టైల్స్ వేసినవే. పైపు బయటికి కనిపించేది డాబా మీదా, ఇంటి వెనక గోడ మీదా. ఆ డాబా మీద అయితే ట్యాంకు పక్కనే ఉంటుంది, నీళ్లు ఆపడానికి అంతకన్నా సులువైన దారులు అక్కడే ఉన్నాయి.

అయినా చేయాల్సి వస్తే

పాత నల్లగొండ ఇళ్లలో, మహబూబ్‌నగర్ పాత పాలమూరు వీధుల్లో జీఐ పైపు బయటికే కనిపించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి చోట, వేరే దారి లేక చేయాల్సి వస్తే, పని జరిగే క్రమం ఇది.

పొద్దున్నే మొదలుపెట్టాలి, ట్యాంకు నీళ్లు రాత్రి చల్లదనంలో ఉంటాయి. మోటారు స్విచ్ కట్టి దాని మీద ఒక కాగితం అంటించాలి, ఇంట్లో ఎవరో ఒకరు అలవాటుగా వేసేస్తారు. లైను మీదున్న నల్లాలన్నీ కట్టి, ఫ్లష్ ట్యాంకుల దగ్గరుండే చిన్న వాల్వులు (యాంగిల్ కాక్‌లు) కూడా మూయాలి. పైపు మీద రంగు, తుప్పు, బురద గీకి తీసి కొంచెం తడి చేస్తే జాకెట్‌కూ పైపుకూ మధ్య సందు మిగలదు. జాకెట్ పెట్టే చోటుకూ కోసే చోటుకూ మధ్య మూరెడు దూరమైనా ఉండాలని నా అభిప్రాయం, రెంచి కుదుపు బిరడాకు తగలకూడదు. గ్యాస్ కొట్టి, కిట్టు కాగితంలో చెప్పిన సమయానికి కనీసం సగం మన ఎండ కోసం కలుపుకుని ఆగాలి.

తర్వాత పరీక్ష. పని చేసే చోటుకు కింద ఒక నల్లా తిప్పాలి, పైన ఉన్నది కూడా ఒకటి తిప్పాలి. రెండోది గాలి లోపలికి పోవడానికి. అది తెరవకపోతే పైపులో నీళ్లు వేలాడుతూ ఉండిపోయి, బిరడా పడిందన్న భ్రమ కలుగుతుంది. పైపులో మిగిలిన నీళ్లు కారి, సన్నబడి, పూర్తిగా ఆగాలి. చుక్కలు పడుతూనే ఉంటే మధ్యలో రంధ్రం ఇంకా పూడలేదన్నమాట, నల్లాలు కట్టేసి మళ్లీ గ్యాస్ కొట్టాలి.

ఈ నల్లా తెరవడం వెనక ఇంకో కారణం ఉంది. నీళ్లు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం పెరుగుతాయి. ట్యాంకు వైపు నీళ్లు వెనక్కి జరగడానికి జాగా ఉంటుంది. కింది వైపు అన్నీ మూసి ఉంటే పెరిగే మంచు అక్కడి నీళ్లను నొక్కుతుంది. చలి దేశాల్లో పైపులు పగిలేది చాలాసార్లు ఈ నొక్కుడు వల్లే, పగులు కూడా మంచు ఉన్న చోట కాకుండా మూసిన నల్లా వైపు పడుతుంది. ఒకే పైపుకు దగ్గర దగ్గరగా రెండు బిరడాలు కట్టడం కూడా ఇదే కారణంగా ప్రమాదం.

కోసే ముందే కొత్త బాల్ వాల్వు, టెఫ్లాన్ చుట్టిన నిపుల్, సరిపోయే ఫిట్టింగు పక్కన సిద్ధంగా ఉండాలి, వాల్వు తెరిచి ఉండాలి. తెరిచి ఉంచడం ఎందుకంటే, బిరడా మధ్యలో జారినా నీళ్లు వాల్వు గుండా పోతుంటాయి, మర బిగించడానికి అడ్డురావు. బిగించాక లివర్ తిప్పి మూస్తే అయిపోయింది. పనయ్యాక మంచును దానంతట కరగనివ్వడమే మంచిది, మన ఎండకు ఎక్కువసేపు పట్టదు.

ఊపిరి, మంట, వేళ్లు

కొన్ని డబ్బాల్లో ప్రొపేన్, బ్యూటేన్ లాంటివి ఉంటాయి, అంటే వంటగ్యాస్ సరుకే. అది గాలికన్నా బరువు, బాత్‌రూమ్ నేల మీద పేరుకుంటుంది. తలుపు వేసి ఉన్న బాత్‌రూమ్‌లో, పైన గీజర్ స్విచ్ ఉండగా దీన్ని కొట్టడం చాలా ప్రమాదం. డబ్బా మీద మంట బొమ్మ ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోవాలి. కార్బన్ డయాక్సైడ్‌కు మంట భయం లేదు, కానీ అదీ గాలికన్నా బరువే, ఇరుకు గదిలో ఊపిరి ఆడనివ్వదు. కిటికీ తెరిచి, బయట ఇంకో మనిషిని నిలబెట్టుకునే పని చేయాలి. చేతులకు మందపాటి గ్లౌజులు తప్పనిసరి, అంత చలిలోని లోహం చర్మానికి అంటుకుపోతుంది. ఇక ఎండలో నిలిపిన కారు డిక్కీలో గ్యాస్ డబ్బాలు వదిలేయడం గురించి వేరే చెప్పక్కర్లేదు. సాధారణంగా వాటి మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని ఉంటుంది, మేలో మూసిన కారు ఆ అంకెను సులువుగా దాటేస్తుంది.

మనకు తక్కువైంది వాల్వులే

గడ్డకట్టించే కిట్టు చేసే పని ఏమిటి? వాల్వు లేని చోట కాసేపు వాల్వు పెట్టడం. మన ఇళ్లలో నిజంగా లేనివీ, ఉన్నా పనిచేయనివీ వాల్వులే. ఇల్లు కట్టేటప్పుడు టైల్స్ మీద వేలకు వేలు పెడతారు, బాత్‌రూమ్‌కు విడిగా ఒక వాల్వు పెట్టమంటే మాత్రం ఎందుకు దండగ అంటారు. ట్యాంకు కింద ఒకటి పెట్టి వదిలేస్తారు, అదీ పాత రకం గేట్ వాల్వు, పదేళ్లలో ఒక్కసారి కూడా తిప్పరు.

ఇక్కడి నీళ్ల గుణం తెలిసిందే. ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి నల్లగొండ పేరే పడింది. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ 1970లలో పటిక, సున్నంతో రూపొందించిన పద్ధతి అది. కృష్ణా నీళ్లు వచ్చాక తాగే నీళ్ల పరిస్థితి మారింది, కానీ బాత్‌రూమ్‌లకూ బట్టలకూ చాలా ఇళ్లలో బోరు నీళ్లే ట్యాంకులోకి ఎక్కుతాయి. ఆ నీళ్లలోని సున్నం బకెట్ల అంచున తెల్లగా కట్టినట్టే గేట్ వాల్వు మరల్లో కూడా కడుతుంది. తిప్పని వాల్వు కొన్నేళ్లకు రాయై కూర్చుంటుంది.

ట్యాంకు వాల్వు ఇలా పట్టేసుకుంటే మన ప్లంబర్లు చేసేది చాలా సులువు. ముందురోజు సాయంత్రం మోటారు బంద్ పెట్టమంటారు, ఇంట్లో వాడుకోగా ట్యాంకు ఎలాగూ అడుగుకు చేరుతుంది. అంత ఆగలేకపోతే ట్యాంకు మూత తీసి, లోపలినుంచి అవుట్‌లెట్ రంధ్రానికి గుడ్డ చుట్టిన బిరడా కొడతారు. దానికి తాడు కట్టి ఉంచితే తీయడం సులువు. పైపులో మిగిలిన నీళ్లు కింది నల్లా నుంచి వదిలేసి వాల్వు మార్చేస్తారు. ఖర్చు ఏమీ లేదు, పైపుకు హానీ లేదు. జీఐ లైనులో నల్లా ఊడదీసి, నీళ్లు కారుతుండగానే తెరిచిన బాల్ వాల్వు మర బిగించి ఆ తర్వాత మూసే మేస్త్రీలు కూడా ఉన్నారు. తడుస్తారు, అంతే.

ఆ అవకాశంలోనే గేట్ వాల్వు తీసేసి ఇత్తడి బాల్ వాల్వు పెట్టించుకోవాలి. పావు తిరుగుడుతో మూసుకునే లివర్ రకం. ట్యాంకు అవుట్‌లెట్‌కు ఒకటి, బాత్‌రూమ్‌కు ఒకటి, వంటింటికి ఒకటి, గీజర్‌కూ ఫ్లష్‌కూ వాష్‌బేసిన్‌కూ యాంగిల్ కాక్‌లు. వాల్వు పక్కన ఒక యూనియన్ (విప్పి బిగించుకునే జాయింటు) పెట్టిస్తే తర్వాత మార్చేటప్పుడు పైపు కోసే పనే ఉండదు. నెలకోసారి లివర్ ఒకసారి మూసి తెరిస్తే సున్నం పట్టదు. ఇవన్నీ కలిపినా, విదేశాలనుంచి తెప్పించే కిట్టు ధర కన్నా ఎక్కువేమీ కాదు, పైగా ఇవి ఎప్పటికీ ఉంటాయి.

ఈ పద్ధతికి మన దగ్గర అసలు చోటే లేదని కాదు. నీళ్లు ఒక్క గంట కూడా ఆపలేని ఆసుపత్రులు, పెద్ద హోటళ్లు, చల్లటి నీళ్లు తిప్పే ఏసీ ప్లాంట్లున్న భవనాలు ఉన్నాయి. అక్కడ పైపులు లోహానివి, లావువి, వందల లీటర్ల నీళ్లు వదిలేస్తే మళ్లీ నింపి గాలి తీయడానికి రోజు పడుతుంది. అలాంటి చోట కరెంటు యంత్రంతోనో, ద్రవ నత్రజనితోనో చేసే కాంట్రాక్టర్లను హైదరాబాద్ నుంచి పిలిపించుకోవడం లాభమే. గల్ఫ్‌లో భవనాల మెయింటెనెన్స్‌లో పనిచేసి వచ్చినవాళ్లకు ఈ పని చూసిన అనుభవం ఉండొచ్చు, అడిగి చూడాలి. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లలో మాత్రం నేను ఇది సలహా ఇవ్వను. ఒక్క మెయిన్ లైను మీద ఇరవై ఫ్లాట్లు ఉంటే, లిఫ్ట్ దగ్గర నోటీసు పెట్టి ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు నీళ్లు ఆపడం తేలిక. ఆ రెండు గంటల్లోనే ప్రతి ఫ్లాట్‌కూ డక్ట్‌లో విడిగా ఒక వాల్వు పెట్టించేస్తే, ఆ తర్వాత ఒకరి నల్లా కోసం మిగతా పందొమ్మిది ఇళ్లకు నీళ్లు ఆపే అవసరం రాదు.